ఎన్ని మిల్లుల మోత

మొన్న చెవుల పరీక్షకి వెళ్ళాను. రాజమండ్రిలో ఒక చిన్న గాజు గదిలో కూర్చోబెట్టి, తలకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక బటన్ ఇచ్చారు. శబ్దం వినపడినప్పుడల్లా నొక్కాలి. వినపడిందో, వినపడినట్టు అనిపించిందో తేల్చుకోలేక కొన్నిసార్లు ఊరికే కూడా నొక్కాను. బయటికి వచ్చాక అక్కడి అమ్మాయి కాగితం మీద గీతలు చూస్తూ, "కుడిచెవి కొంచెం తగ్గిందండి. కంగారేం లేదు. మీరెప్పుడైనా బాగా పెద్ద శబ్దాల దగ్గర పనిచేశారాండి? మిల్లులు, జనరేటర్లు, అలాంటివి?" అని అడిగింది.

"పనిచెయ్యలేదమ్మా. ఒకసారి ఒక విమానం ముందు నిలబడ్డాను" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వి, ఫారంలో 'లేదు' అని రాసుకుంది. ఇంటికి వచ్చేదాకా ఆటోలో ఆ విమానం గురించే తలుచుకుంటూ కూర్చున్నాను.

నాకప్పుడు పదకొండేళ్ళు. కాలవ ఒడ్డున ఒక చిన్న పట్నం మాది. అక్కడ మిషన్ వాళ్ళు ఎప్పుడో కట్టిన పెంకుల బడిలో అమ్మ టీచరు. వినపడని పిల్లల బడి అది. ఊళ్ళో అందరూ మూగబడి అనేవారు. అమ్మకి ఆ మాట నచ్చేది కాదు. "వాళ్ళు మూగవాళ్ళు కాదండి, వినపడదు, అంతే" అని రిక్షా అతనికి కూడా చెప్పేది. రిక్షా మాత్రం మూగబడి అంటేనే సరిగ్గా వచ్చేది.

నాన్న లాకుల దగ్గర ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. బడి ఆవరణలోనే మాకు రెండు గదుల ఇల్లిచ్చారు. ముందువైపు కాలవలో నానేసిన కొబ్బరి పీచు వాసన. వెనకవైపు గోడకి ఆనుకుని రైసుమిల్లు. వడ్లు ఉడకబెట్టిన రోజు ఆ ఆవిరి, తవుడు వాసన కలిసి మా అన్నంలోకి కూడా వచ్చేవి. ఇప్పటికీ ఎక్కడైనా తవుడు వాసన వస్తే నాకు ఆకలేస్తుంది.

హాస్టల్లో ముప్పై మంది దాకా పిల్లలుండేవారు. వాళ్ళ చేతుల మాట నాకెవరూ నేర్పలేదు. కాలవలో ఈత వచ్చినట్టు, ఎప్పుడొచ్చిందో తెలియకుండా వచ్చేసింది. వాళ్ళకి రిజిస్టర్లో పేర్లు వేరు, చేతుల్లో పేర్లు వేరు. గొంతు మీద రెండు వేళ్ళు ఆనిస్తే అమ్మ. జేబులో పెన్ను తడుముకుంటే హెడ్మాస్టరు గారు. గరిటె తిప్పినట్టు చెయ్యి తిప్పితే వంట పెద్దమ్మ. చెవి తమ్మె పట్టుకుని లాగితే నేను. అంతమంది పిల్లల్లో చెవులు పనిచేసేది నాకొక్కదానికే మరి.

బుగ్గ మీద చూపుడువేలు గుచ్చి తిప్పితే సొట్టబుగ్గ. గోదావరి లంకలోంచి వచ్చిన కూలివాళ్ళ పిల్ల. ఎనిమిదో ఏట బళ్ళో చేర్పించారు. నాకంటే రెండేళ్ళు పెద్దది, జానెడు పొడుగు. నాకు స్నేహితురాలంటే ఆ పిల్లే.

సాయంత్రం ప్రార్థనలో అందరం కళ్ళు మూసుకోవాలి. పెద్దవాళ్ళు మూసుకునేవారు. పిల్లలు ఒక కన్ను తెరిచి, ఒళ్ళో చేతులతో ఆ రోజు కూరలో ఎన్ని పురుగులొచ్చాయో చెప్పుకునేవారు. నేను కూడా ఒక కన్ను తెరిచేదాన్ని. హెడ్మాస్టరు గారు దేవుణ్ణి వేడుకుంటుంటే కిసుక్కున నవ్వేదాన్ని. నవ్వు వినపడేది నాదొక్కదానిదే కాబట్టి దెబ్బలు కూడా నాకే పడేవి.

మా అందరికీ ఇష్టమైన ఆట మిల్లు ఆట. మిల్లు తిరుగుతున్నప్పుడు పిల్లలంతా వరసగా వెళ్ళి ఆ గోడకి వీపులు ఆనించి నిలబడేవారు. గోడలోంచి అదురు వీపుల్లోకి ఎక్కేది. సొట్టబుగ్గ కళ్ళు మూసుకుని, ఇప్పుడు పొట్టు తీసేది తిరుగుతోంది, ఇప్పుడు పాలిష్ పట్టేది కలిసింది అని చెప్పేది. నేను పరిగెత్తుకెళ్ళి తలుపు సందులోంచి చూసొస్తే అదే నిజమయ్యేది. లోకంలో ఏ మోతనైనా వాళ్ళు మిల్లులతోనే కొలిచేవారు. కాలవలో వెళ్ళే లాంచీ అర మిల్లు. చర్చి గంట, స్తంభాన్ని కౌగిలించుకుంటే, పావు మిల్లు. పిడుగు పడితే రెండు మిల్లులు. రెండు దాటింది ఏదీ లేదు.

తరగతిలో మాత్రం చేతులు కట్టుకుని కూర్చోవాలి. చేతులతో మాట్లాడే పిల్లలకి నోటిమాట రాదని అమ్మకి ట్రైనింగులో చెప్పారు. అప్పట్లో అన్ని బళ్ళలోనూ అదే పద్ధతి. అమ్మ ఒక్కొక్కళ్ళ చెయ్యి తీసుకుని తన గొంతు మీద పెట్టుకుని "బా" అనేది. రబ్బరు బుడగ ఊది వాళ్ళ గుండెకి ఆనించి, దానికి నోరు దగ్గరగా పెట్టి "మా" అనేది. ఒక్కో అక్షరానికి నెలలు పట్టేది. మధ్యలో ఎవరైనా చేతులు ఎత్తితే కొట్టేది కాదు. ఆ చేతులు పట్టుకుని మెల్లగా ఒళ్ళో పెట్టేసేది. హెడ్మాస్టరు గారి స్కేలు దెబ్బ కంటే అదే కష్టంగా ఉండేదని సొట్టబుగ్గ నాతో చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది.

అమ్మకి చేతుల మాట రాదు. నేర్చుకోకూడదనే అనుకుంది. అవసరమైతే నన్ను పిలిచి, "ఏమంటోందే?" అని అడిగేది.

ఆ ఏడు చలికాలం మొదట్లో పేపర్లో ఒక ఫొటో పడింది. సముద్రం మీద ఒక యుద్ధవిమానం. వైజాగు బీచిలో నేవీ వాళ్ళు విమానాల ప్రదర్శన చేస్తారని, ఈసారి విమానాలు మోసే ఓడ కూడా వస్తుందని, దాని మీద నుంచి లేచే ఒక విమానం గాలిలో కదలకుండా నిలబడుతుందని రాశారు. నేను చదివి సొట్టబుగ్గకి చెప్పాను. నిలబడుతుందంటే నమ్మలేదు. తర్వాత అడిగింది, ఎన్ని మిల్లులు?

నాకు తెలీదు. అమ్మనడిగాను.

"నేనెక్కడ విన్నానే? మీ మావయ్య ఒకసారి చూశాడు. చెవులతో కాదు, గుండెతో వినపడుతుందన్నాడు" అంది అమ్మ. అని, చేతిలో ఉన్న బుడగ వైపు చూసింది. మర్నాడు హెడ్మాస్టరు గారి గదికి వెళ్ళింది. నేను కిటికీ కింద కూర్చుని విన్నాను.

"వినపడని పిల్లల్ని విమానాల మోత వినడానికి తీసుకెళ్తారాండి?" అన్నారాయన.

"వాళ్ళకి శబ్దమంటే ఏంటో తెలీదండి. బుడగతో నేను ఏడాదిపాటు చెప్పేది అక్కడ ఒక్క నిమిషంలో తెలుస్తుందండి."

"జనం ఎంతమంది ఉంటారో తెలుసాండి? రెండేళ్ళ కిందట తీర్థంలో మన పిల్లాడు తప్పిపోతే మూడు రోజులు వెతికాం. పిలిస్తే పలకడు, అడిగితే చెప్పలేడు. ఆ మూడు రోజులూ నేను అన్నం తినలేదు."

"గుర్తుందండి. అందుకే రాసిస్తానంటున్నాను. ఎవరికేమైనా బాధ్యత నాదేనని. ఉద్యోగం వదిలేస్తానని."

లోపల కుర్చీ జరిపిన చప్పుడైంది. తర్వాత ఆయన, "మీ ఉద్యోగం నేనేం చేసుకుంటానండి? నాకు పిల్లలు కావాలి గానీ" అన్నారు. మళ్ళీ ఆయనే, "పెద్ద పిల్లలు ఎనిమిది మంది. అంతకంటే వద్దు. తాడు తీసుకెళ్ళండి" అన్నారు.

కాగితం మాత్రం రాయించుకున్నారు. ఆ రాత్రి అన్నాల దగ్గర నాన్న, "సంతకం పెట్టేముందు నాతో ఒక మాట అనాల్సింది" అన్నాడు. అమ్మ మజ్జిగ పోసి, "అంటే వద్దనేవారు కదండీ" అంది.

వంట పెద్దమ్మ రెండు రోజులు కూర్చుని ఎనిమిది మంది చొక్కాల మీద, గౌన్ల మీద గుడ్డ ముక్కలు కుట్టింది. వాటి మీద బడి చిరునామా రాశారు. నా గౌనుకి కుట్టలేదు. పెద్దమ్మ జంతికలు చేసింది, కొబ్బరి లవుజు చేసింది, పులిహోర కలిపి విస్తరాకుల్లో కట్టింది. ఆవిడ ఎప్పుడూ నిడదవోలు దాటి వెళ్ళలేదు. "విమానం మన మీద పడదు కదా టీచరమ్మా" అని స్టేషనుకి వెళ్ళేలోపు మూడుసార్లు అడిగింది.

రైల్లో చింతపండు వాసన పెట్టెంతా నిండిపోయింది. ఎదురుగా కూర్చున్నావిడ పిల్లల చేతుల వైపు అదే పనిగా చూసి, "అందరూ ఇంతేనాండి?" అని అడిగింది. అమ్మ ముఖం ఎర్రబడి, "చేతులు దింపండి" అన్నట్టు పిల్లలకి సైగ చేసింది. కొవ్వూరు దాటాక పిల్లలందరూ ఒక్కసారి అరిచేతులు పెట్టె గోడకి ఆనించారు. ఏంటా అని చూస్తే, ఆ తర్వాత నాకు వినపడింది, గోదావరి వంతెన మోత. ముప్పావు మిల్లు అని సొట్టబుగ్గ తీర్పు చెప్పింది. అవతలి ఒడ్డు దాటేదాకా వాళ్ళెవరూ గోడ మీద నుంచి చెయ్యి తీయలేదు.

ఆ రాత్రి వైజాగులో ఒక చర్చి బళ్ళో బెంచీలు కలిపి పడుకున్నాం. మర్నాడు మధ్యాహ్నం రెండు గంటలకే బీచికి చేరాం. సముద్రం మాకు కొత్త కాదు. అంత జనం మాత్రం కొత్త. గోడ మీద జనం, ఇసకలో జనం, ఒడ్డుకి లాగిన పడవల్లో జనం. ముంత మసాలా అమ్మేవాళ్ళు, గాలిపటాలు అమ్మేవాళ్ళు. మైకులో ఎవరో ఇంగ్లీషులో, హిందీలో ఆపకుండా మాట్లాడుతున్నారు.

అమ్మ ముందుగా ముగ్గురు పిల్లల మెళ్ళో వేలాడే వినికిడి మిషన్లు ఆపించి, వైర్లు చుట్టి సంచిలో దాచింది. తర్వాత బట్టలారేసే తాడు తీసి, పిల్లల్ని వరసగా పట్టుకోమంది. ముందు చివర తను, వెనక చివర పెద్దమ్మ. సొట్టబుగ్గ తల మీద రెండు వేళ్ళు కొమ్ముల్లా పెట్టి ఆవులా తల ఊపింది. మిగతావాళ్ళు నవ్వారు.

"ఏమంటోందే?" అంది అమ్మ.

"ఎండగా ఉందంట" అన్నాను.

నేను కూడా తాడు పట్టుకోబోతే అమ్మ, "నీకెందుకే? నీకు వినపడుతుందిగా. పిలిస్తే వచ్చేస్తావు" అంది. నాకు గర్వంగా అనిపించింది.

మొదట హెలికాప్టర్లు వచ్చాయి. తాళ్ళు పట్టుకుని మనుషులు నీళ్ళలోకి జారారు. బాగుంది. ఒక మిల్లు, ఒకటిన్నర. మరి కాసేపటికి కొండ వైపు నుంచి రెండు విమానాలు వచ్చాయి. వచ్చాయని నేననడం తప్పు. నేను చూడలేదు. నాకు మోతే ముందు తెలిసింది. నెత్తి మీద ఆకాశాన్ని ఎవరో చాప చింపినట్టు చింపారు. చుట్టూ జనమంతా మోత వచ్చిన వైపు తలెత్తి వెతుకుతున్నారు. అక్కడేం లేదు. మా పిల్లలు ఎనిమిది మందీ ఆ పక్కకి, సముద్రం చివరికి చేతులు చాపి చూపిస్తున్నారు. విమానాలు అక్కడున్నాయి. చెవులున్న వాళ్ళం అందరం మోసపోయాం, వాళ్ళు ఒక్కళ్ళే విమానాన్ని మొదటి నుంచి చివరిదాకా చూశారు. రెండోసారి నేను వాళ్ళు చూసే వైపే చూశాను. బూడిదరంగులో, సన్నగా, నీళ్ళకి తగులుతుందేమో అన్నంత కిందుగా, చప్పుడే లేకుండా వచ్చింది. ఎంత అందంగా ఉందో. ఆ చప్పుడు లేని అందం మమ్మల్ని దాటి వెళ్ళాకే మోత మీద పడింది.

తర్వాత ఆ నిలబడే విమానం వచ్చింది.

దూరంగా సముద్రం మీద చుక్కలా కనిపించి, దగ్గరికి వచ్చేకొద్దీ మెల్లబడింది. స్టాండులోకి వచ్చే బస్సులా ఇంకా ఇంకా మెల్లబడి, ఒడ్డుకి ఎదురుగా ఆగిపోయింది. నిజంగానే ఆగిపోయింది. కింద నీళ్ళు తెల్లగా పళ్ళెంలా పరుచుకుని లేచాయి. అది గాలిలో నిలబడే ముక్కు ఇటు తిప్పి మమ్మల్ని చూసింది.

ఆ మోతని నేను విన్నానని చెప్పలేను. పళ్ళు వణికాయి. పక్కటెముకల్లో ఎవరో రంపం పెట్టి కోస్తున్నట్టయింది. కాళ్ళ కింద ఇసక కదిలింది. రెండు చెవులూ మూసుకున్నా లోపల అంతే ఉంది. నేను కళ్ళు కూడా మూసుకుని పరిగెత్తాను. ఎటో తెలీదు. ఎవరి కాళ్ళకో తగిలి పడ్డాను, లేచి మళ్ళీ పరిగెత్తాను.

కళ్ళు తెరిచేసరికి చుట్టూ ప్యాంట్లు, తడిసిన చీర అంచులు. అమ్మ లేదు, తాడు లేదు. ఏడ్చాను. నా ఏడుపు నాకే వినపడలేదు. ఒకాయన వంగి ఏదో అడిగాడు. పెదాలు కదిలాయి. నేను చెప్పాను, ఆయనకీ వినపడలేదు. ఆయన మళ్ళీ అడిగాడు, నేను మళ్ళీ చెప్పాను. చివరికి ఏం చెయ్యాలో తోచక నా చేతిలో నాలుగు వేరుశనక్కాయలు పెట్టాడు. మైకు ఉంది గానీ దాని గొంతు ఏమైందో తెలీదు. ఎటు చూసినా తెరిచిన నోళ్ళే. అంత జనంలో ఒక్కళ్ళ మాట ఒక్కళ్ళకి అందడం లేదు.

అప్పుడు తలల పైన కనిపించింది. ఒడ్డుకి లాగిన ఒక పడవ కొస మీద ఎక్కి, నీలం గౌనులో సొట్టబుగ్గ నిలబడి ఉంది. చెవి తమ్మె పట్టుకుని లాగుతోంది. ఇటు తిరిగి లాగుతోంది, అటు తిరిగి లాగుతోంది. నన్ను పిలుస్తోంది.

నేను రెండు చేతులూ పైకెత్తి ఊపాను. బుగ్గ మీద వేలు గుచ్చి తిప్పాను. వంద గజాల దూరం ఉంటుంది. చూసింది. వెంటనే చేతులు మాట్లాడాయి. అక్కడే ఉండు. కదలకు. వస్తున్నాం.

పడవ కింద అమ్మ కనిపించింది. జుట్టు ఊడిపోయింది, నోరు తెరిచి నా పేరు అరుస్తోంది. సొట్టబుగ్గ ఆవిడకి చెప్పింది. అమ్మకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పింది. అమ్మ తల అడ్డంగా ఊపి వేరే వైపు పరిగెత్తబోయింది. మిగతా ఏడుగురికీ అర్థమైంది. వాళ్ళు తాడు గట్టిగా పట్టుకుని నా వైపు లాగడం మొదలుపెట్టారు. ఒక చివర అమ్మ, ఇంకో చివర పెద్దమ్మ, మధ్యలో ఏడుగురు పిల్లలు ఇద్దరు పెద్దవాళ్ళనీ లాక్కుంటూ జనాన్ని చీల్చుకుని వచ్చారు. సొట్టబుగ్గ పడవ దిగి వాళ్ళకంటే ముందే వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

అమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది. తర్వాత వంగి పట్టుకుని ఎంతకీ వదల్లేదు.

ఈలోపు విమానం ముందుకు సాగి దూరమైంది. జనం గొంతులు తిరిగొచ్చాయి. అయిపోయిందనుకున్నాను. పిల్లలు నన్ను మళ్ళీ పడవ దగ్గరికి నడిపించారు. విమానం సముద్రం మీద ఒక చుట్టు తిరిగి వెనక్కి వచ్చింది. నేను చెవులు మూసుకున్నాను. సొట్టబుగ్గ నా చేతులు రెండూ చెవుల మీద నుంచి తీసింది. ఒకటి పడవ చెక్క మీద పెట్టింది. రెండోది నా గుండె మీద పెట్టి తన చెయ్యి పైన వేసి అదిమింది. చెక్క అదురుతోంది, గుండె అదురుతోంది, రెండూ ఒకే లెక్కలో. ఇది శత్రువు కాదన్నట్టు ఆ పిల్ల నా ముఖంలోకి చూసి తల ఊపింది. ఏమో, భయం పోయింది. మోత అంతే ఉంది, నేను దాని లోపల నిలబడ్డాను. అప్పుడు చూశాను విమానాన్ని, కళ్ళు రెండూ తెరిచి. అన్ని టన్నుల ఇనుము, రెక్కలు ఆడించని పక్షి, తన ఊపిరి మీద తానే నిలబడి ఉంది. అద్దం వెనక మనిషి తల చిన్నగా కనిపించింది. ఇంత మోతని అంత చిన్న మనిషి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

వెళ్ళబోయే ముందు అది ముక్కు కిందికి వంచింది. జనానికి దణ్ణం పెట్టింది. మా పిల్లలు ఎనిమిది మందీ ఒక్కసారే చేతులు జోడించి తిరిగి దణ్ణం పెట్టారు. వంట పెద్దమ్మ కూడా కళ్ళు మూసుకుని పెట్టింది.

అమ్మ విమానాన్ని చూడటం లేదు. పిల్లల్ని చూస్తోంది. తాడు ఇసకలో పడిపోయింది. అంతమంది జనంలో వాళ్ళొక్కళ్ళే మాట్లాడుకుంటున్నారు. రెండు చేతులతో, గబగబా, నవ్వుకుంటూ, ఒకరి మాట ఒకరు అడ్డుకుంటూ. పక్కవాళ్ళు విమానం మానేసి వీళ్ళని చూస్తున్నారు. అమ్మ అలవాటు కొద్దీ నా వైపు తిరిగి "ఏమంటున్నారే?" అన్నట్టుంది. నాకు వినపడలేదు. రెండోసారి కూడా అడిగి, చివరికి సొట్టబుగ్గ వైపే తిరిగింది. చెయ్యి ఎత్తింది. అయిదు వేళ్ళూ దగ్గరికి చేర్చి, నోటి దగ్గర పెట్టి, కనుబొమ్మలు ఎగరేసింది. భోజనాల దగ్గర పిల్లలు రోజూ అనుకునే మాట అది. కూర బాగుందా?

సొట్టబుగ్గ ఒక్క క్షణం బిత్తరపోయింది. అమ్మ చేతులు మాట్లాడటం తనెప్పుడూ చూడలేదు. తర్వాత నవ్వు ఆపుకోలేక పడవకి ఆనుకుని, అదే భాషలో జవాబిచ్చింది. బాగుంది. ఉప్పు కొంచెం ఎక్కువైంది.

ఆ జవాబు నేను అమ్మకి రాత్రి చెప్పాను. మోత పోయాక మా చెవుల్లో చాలాసేపు ఈగలు తిరిగాయి. అమ్మ నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఎన్ని మిల్లులు అన్న లెక్క మాత్రం తేలలేదు. ఒకళ్ళు ఇరవై అన్నారు, ఒకళ్ళు యాభై అన్నారు. సొట్టబుగ్గ, మన మిల్లు ఇక మిల్లు కాదు, దోమ అని తీర్పు చెప్పింది.

తిరిగి వచ్చేసరికి హెడ్మాస్టరు గారు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. వేలితో ఒక్కొక్కళ్ళనీ లెక్కపెట్టుకున్నారు. ఎనిమిది వచ్చాక ఊపిరి వదిలి, "ఇబ్బందేం లేదు కదండీ?" అన్నారు.

అమ్మ చెప్పకుండా ఊరుకోవచ్చు. "మన పిల్లలు ఎనిమిది మందీ జాగ్రత్తగానే ఉన్నారండి. తప్పిపోయింది మా అమ్మాయండి. వాళ్ళే వెతికి పట్టుకున్నారండి. చేతులతో" అంది.

ఆయన జేబులో పెన్ను తడుముకున్నారు. "అయితే తాడు మీ అమ్మాయికి కట్టాల్సిందండి" అన్నారు. అమ్మ సంతకం పెట్టిన ఆ కాగితం తిరిగి ఇచ్చేశారు.

ఆ తర్వాతి వారం నుంచి రోజూ సాయంత్రం బడి అయ్యాక అమ్మ మా అరుగు మీద కూర్చునేది. ఎదురుగా సొట్టబుగ్గ. అన్నం, నీళ్ళు, చలి, కోపం, ఇల్లు, నిన్న, రేపు. అమ్మ వేళ్ళు బిరుసు, త్వరగా తిరిగేవి కావు. తప్పు చేస్తే ఆ పిల్ల అమ్మ చేతులు పట్టుకుని మెల్లగా సరిచేసేది. బుడగ, గొంతు మానలేదు, అవి కూడా ఉండేవి. కానీ తరగతిలో చేతులు కట్టుకోమనడం అమ్మ మానేసింది. హెడ్మాస్టరు గారు ఒకసారి కిటికీలోంచి చూసి, "ఇన్‌స్పెక్షన్ వస్తే ఏం చేస్తారండి?" అని అడిగారు. "వస్తే ఆ పూటకి కట్టుకుంటామండి" అంది అమ్మ. ఆయన తల ఊపి వెళ్ళిపోయారు. మరుసటి ఏడు పిల్లలు అమ్మ పేరు మార్చేశారు. గొంతు మీద వేళ్ళు పోయాయి. రెండు అరిచేతులూ తెరిచి చూపిస్తే అమ్మ.

పెద్దయ్యాక నేను విమానాల పిచ్చిదాన్ని అయ్యాను. హైదరాబాదులో చూశాను, బెంగుళూరులో మండుటెండలో రోజంతా నిలబడి చూశాను. తోకలోంచి నిప్పు కక్కుతూ నిటారుగా లేచేవి, బల్లపరుపుగా వస్తూ వస్తూ తల పైకెత్తి పాములా నిలబడేవి, అన్నీ చూశాను. కొన్నింటి మోత ఆ రోజు కంటే ఎక్కువే ఉంటుంది. చెవుల్లో దూది పెట్టుకోమని పక్కవాళ్ళు చెప్తారు. నేను పెట్టుకోను. ఏదైనా చెక్కో, ఇనప కమ్మీయో దొరికితే దాని మీద ఒక చెయ్యి వేసి, రెండోది గుండె మీద పెట్టుకుని నిలబడతాను. నా కూతుళ్ళు నన్ను చూసి సిగ్గుపడతారు.

ఆ బడి ఇప్పుడు లేదు. పిల్లలు తగ్గిపోయి వేరే ఊరి బడిలో కలిపేశారు. మిల్లు పడగొట్టి లారీలు నిలుపుకుంటున్నారు. కాలవలో పీచు నానేసేవాళ్ళు లేరు. హెడ్మాస్టరు గారు పోయారు, వంట పెద్దమ్మ పోయింది. అమ్మ పోయిన రోజు ఎక్కడెక్కడి నుంచో నలభై మంది దాకా ఆ బడి పిల్లలు వచ్చారు. వచ్చినవాళ్ళు ఏడుస్తూ చేతులతో మాట్లాడుకుంటుంటే మా వీధివాళ్ళు తలుపుల దగ్గర నిలబడి చూశారు.

సొట్టబుగ్గ కాకినాడలో ఒక డీటీపీ సెంటరులో పనిచేస్తుంది. తప్పులు లేకుండా టైపు చేస్తుందని పేరు. మొగుడు కూడా వినపడనివాడే, పిల్లలిద్దరికీ వినపడుతుంది. ఫోన్లలో మనుషులు కనపడటం మొదలయ్యాక మేం మళ్ళీ మాట్లాడుకుంటున్నాం. నా వేళ్ళు కూడా అమ్మ వేళ్ళలా బిరుసెక్కాయి. ఒక్కోసారి మాట తప్పితే నవ్వుతుంది.

నిరుడు ఒకసారి అడిగాను, ఆ రోజు అన్నిటికంటే నీకు బాగా గుర్తున్నదేంటి అని. మోత అంటుందనుకున్నాను. విమానం నిలబడటం అంటుందనుకున్నాను.

ఫోను దేనికో ఆనించి పెట్టి, రెండు చేతులూ ఖాళీ చేసుకుని చెప్పింది. జనం గుర్తున్నారు. అందరూ నోళ్ళు తెరుస్తున్నారు, ఒకళ్ళది ఒకళ్ళకి అందడం లేదు. పడవ మీద నుంచి చూస్తే సముద్రం పొడుగునా అలాగే ఉన్నారు. లోకమంతా కాసేపు మా ఊరొచ్చినట్టు అనిపించింది.

"మరి సంతోషమేసిందా?" అని అడిగాను.

లేదంది. వచ్చారు గానీ ఒక్కళ్ళకీ మా మాట రాదు. ఎలా బతుకుతారా అని దిగులేసింది. అంతలో మీ అమ్మ చెయ్యెత్తి కూర బాగుందా అని అడిగింది.